మాంత్రికుల మఠం, ఏడేళ్ళ శిక్షణ: చదివినవాళ్ళకి నిద్రొస్తోంది, ఎక్కడ తప్పాను?

మూడో_ముసాయిదా | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. నా పేరు చూస్తే తెలుస్తుంది, ఎన్నోసారి రాస్తున్నానో. నా లోకంలో మాంత్రికులందరూ ఒకే మఠానికి చెందినవాళ్ళు. కొండ మీద ఉంటారు. పన్నెండేళ్ళ పిల్లల్ని నలభై మందిని చేర్చుకుంటారు. ఏడేళ్ళ శిక్షణ, ఏడు మెట్లు, మెట్టుకో రంగు అంగీ, ఏడాది చివర పరీక్ష. నెగ్గితే పై మెట్టు. చివరికి తెల్ల అంగీ తొడిగేది ఒకరో ఇద్దరో.

ఈ శిక్షణ మీదే 110 పేజీలు రాశాను. నలుగురు స్నేహితులకి ఇచ్చాను. ముగ్గురు నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయారు. నాలుగో ఆయన మొత్తం చదివానన్నాడు. కథానాయిక పేరేమిటని అడిగితే, ఫోన్ వస్తోందని లేచి వెళ్ళిపోయాడు.

మంత్రానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎంత పొడవైనా సరే, ఒకే ఊపిరిలో చదవాలి. మధ్యలో గాలి పీల్చుకుంటే పని చేయదు. దాన్ని కథలో పెద్దగా వాడుకోలేదు. గంభీరంగా ఉంటుందని పెట్టానంతే.

మొహమాటం లేకుండా చెప్పండి.

అర్ధరాత్రి_దీపం | శుక్రవారం, రాత్రి 9:52

మూడో మెట్టు అంగీ ఏ రంగు?

మూడో_ముసాయిదా | శుక్రవారం, రాత్రి 9:53

నారింజ. ఎందుకండీ?

అర్ధరాత్రి_దీపం | శుక్రవారం, రాత్రి 9:53

ఏం లేదు. అనుకున్నాను.

డైస్‌బాబు | శుక్రవారం, రాత్రి 10:15

నేను వారాంతాల్లో టేబుల్ మీద ఫాంటసీ ఆటలు నడుపుతాను. కాబట్టి మెట్ల మీద నాకేం కోపం లేదు. ఆడేవాడికి తన బలమెంతో అంకె కావాలి, అందుకే ఆటలో మెట్లుంటాయి. చదివేవాడికి ఆ అంకెతో పని లేదు. ఏడు మెట్లున్నాయని మొదటి పేజీలో చెప్పేశారనుకోండి, మూడో మెట్టు దగ్గరున్నప్పుడే వాడికి మిగిలిన నాలుగూ కనబడిపోతాయి. ఇంక నిద్రపోక ఏం చేస్తాడు?

కానీ ఆ ఊపిరి సంగతి ఉంది చూశారూ, దాన్ని మీరు అంగీల కింద పడేసి తొక్కేశారు. నాకైతే మీ మఠమంతా అందులోనే ఉంది. మిగతాదంతా తీసేసినా బాధ లేదు.

పాతకాగితం | శుక్రవారం, రాత్రి 10:48

ఏడేళ్ళే ఎందుకు? ఈ ప్రశ్నకి మీ మఠం దగ్గర జవాబుండాలి. మంత్రం నేర్చుకోవడానికి నిజంగా అంత కాలం పడుతుందా, లేక పట్టాలని మఠం అనుకుంటోందా? ఈ రెండిట్లో ఏది ఎంచుకుంటే కథ అటు పోతుంది.

1563లో ఇంగ్లండ్‌లో చేతివృత్తుల మీద ఒక చట్టం వచ్చింది. ఏ పని చేయాలన్నా కనీసం ఏడేళ్ళు ఒక గురువు దగ్గర శిష్యరికం చేయాలంది. 1776లో ఆర్థికవేత్త ఆడం స్మిత్ దీన్ని చీల్చి చెండాడాడు. గడియారాలు చేయడంలో కూడా అన్నేళ్ళు నేర్చుకోవాల్సిన మర్మమేం లేదన్నాడు. మరి ఏడేళ్ళు ఎందుకంటే, పని కొంచెం వచ్చాక కూడా కుర్రాడు జీతం లేకుండా గురువు దగ్గరే చేస్తాడు, పైగా బజార్లో పోటీకి రాడు. అదీ లాభం.

మీ కొండ మీద నీళ్ళు ఎవరు మోస్తున్నారు? నాలుగో ఏడు పిల్లలే అయితే, వాళ్ళని ఆ ఏడు పరీక్షలో నెగ్గనివ్వడం మఠానికి ఇష్టమేనా?

మూడో_ముసాయిదా | శుక్రవారం, రాత్రి 11:05

నీళ్ళు ఎవరు మోస్తున్నారో నాకు తెలియదు. 110 పేజీల్లో ఎక్కడా ఎవరూ నీళ్ళు తాగలేదు, ఇప్పుడే చూసుకున్నాను.

లెక్కతప్పదు | శుక్రవారం, రాత్రి 11:30

ఊపిరి లెక్క నేను చూశాను. ఎదురుగా ఉన్న పేజీ తీసుకుని, స్టాప్‌వాచ్ పెట్టుకుని, మామూలు వేగంతో గట్టిగా చదివాను. 24 సెకన్లు, 142 అక్షరాలు. చివరి పది అక్షరాలు మనిషి గొంతులా లేవు. రెండోసారి 131. మూడోసారికి కళ్ళు తిరిగాయి, మానేశాను.

ఇక అసలు విషయం. మనిషి ఊపిరితిత్తుల సామర్థ్యం ఇరవై, పాతికేళ్ళ మధ్య గరిష్ఠానికి చేరుతుంది. ముప్ఫై అయిదు దాటాక మెల్లగా తగ్గుతూ వస్తుంది. జబ్బేమీ లేకపోయినా తగ్గుతుంది. కాబట్టి మీ నియమం ప్రకారం మాంత్రికుడికి మంచి వయసు పాతిక. మీ మహాగురువుకి ఎన్నేళ్ళు?

మూడో_ముసాయిదా | శుక్రవారం, రాత్రి 11:34

డెబ్బై రెండు. ఆరో అధ్యాయంలో కొండని పక్కకి జరుపుతాడు.

లెక్కతప్పదు | శుక్రవారం, రాత్రి 11:35

ఆ మంత్రం ఎన్ని అక్షరాలు?

మూడో_ముసాయిదా | శుక్రవారం, రాత్రి 11:41

పేజీన్నర ఉంది.

లెక్కతప్పదు | శుక్రవారం, రాత్రి 11:42

ఆ వయసులో పేజీన్నర ఒక ఊపిరిలో చదివితే కొండ కాదు, ఆయనే జరుగుతాడు.

డైస్‌బాబు | శుక్రవారం, రాత్రి 11:58

ఆగండాగండి. ఇది తప్పు కాదు, నిధి. ముసలివాళ్ళకి మంత్రాలన్నీ వచ్చు, కానీ చదివే ఊపిరి లేదు. కుర్రాళ్ళకి ఊపిరుంది, మంత్రం రాదు. అంటే మఠంలో ఎవరూ ఒంటరిగా పూర్తి మాంత్రికులు కారు. తెలిసినవాడు ఒకడు, చదవగలిగినవాడు ఒకడు, జంటలుగా బతకాలి. ముసలాయనకి కుర్రాడి మీద ప్రేమా ఉంటుంది, అసూయా ఉంటుంది. కుర్రాడికి పాతిక దాటిన దగ్గర్నుంచీ లోపల గుబులు. మెట్లెక్కుతుంటే ఎవరైనా ఆయాసపడితే పక్కవాళ్ళందరూ మొహాలు చూసుకుంటారు. ఒక్క జలుబు చేస్తే చాలు, మఠంలో రాజకీయం మారిపోతుంది.

పాతకాగితం | శనివారం, ఉదయం 6:20

డైస్‌బాబు గారి మాటకి మన దగ్గర పాత సాక్ష్యం ఉంది. ఆదిపర్వంలో కచుడి కథ. చచ్చినవాళ్ళని బతికించే మృతసంజీవని విద్య కోసం శుక్రాచార్యుడి దగ్గర శిష్యుడిగా చేరతాడు. రాక్షసులు చంపుతారు, గురువు బతికిస్తాడు, మళ్ళీ చంపుతారు. చివరికి బూడిద చేసి మద్యంలో కలిపి గురువు చేతే తాగిస్తారు. గురువు కడుపులో ఉండగానే విద్య నేర్చుకుని, పొట్ట చీల్చుకుని బయటికొచ్చి, చనిపోయిన గురువుని బతికిస్తాడు. ఇదంతా అందరికీ గుర్తుంటుంది. చాలామంది మర్చిపోయేది ఆఖరి ముక్క. గురువు కూతురు దేవయాని పెళ్ళి చేసుకోమంటే కాదంటాడు. ఆ విద్య నీకు ఫలించదు పొమ్మని ఆమె శపిస్తుంది. దానికి కచుడు ఏమంటాడంటే, నాకు ఫలించకపోతేనేం, నేను ఎవరికి నేర్పుతానో వాళ్ళకి ఫలిస్తుంది కదా అంటాడు.

మీ మఠంలో అరవై దాటిన ప్రతివాడూ కచుడే.

మూడో_ముసాయిదా | శనివారం, ఉదయం 8:10

రాత్రి నిద్ర పట్టలేదు. ఆరో అధ్యాయం తీసేశాను. కొండ ఎక్కడిదక్కడే ఉంది.

ఒక సందేహం. మంత్రాలు పుస్తకాల్లో ఉన్నాయి నా నవలలో. పెద్ద గ్రంథాలయం ఉంది, దానికి ఇరవై పేజీలు. ఊపిరున్న ఎవడైనా దొంగతనంగా వెళ్ళి చదివేస్తే?

పాతకాగితం | శనివారం, ఉదయం 8:35

అందుకే రాయకూడదు. గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) డ్రూయిడ్లని పూజారులుండేవారు, వాళ్ళ గురించి జూలియస్ సీజర్ రాసిన మాటలు ఇక్కడ సరిగ్గా సరిపోతాయి. కొందరు 20 ఏళ్ళపాటు శిక్షణలో ఉండేవారట, పద్యాలు గుట్టలుగా కంఠస్థం చేసేవారట. మామూలు వ్యవహారాలకి గ్రీకు లిపి వాడుకునేవారు, అంటే రాత రాక కాదు. విద్యని మాత్రం రాయడం తప్పనుకునేవారు. సీజర్ రెండు కారణాలు ఊహించాడు. ఒకటి, విద్య జనంలోకి పోకూడదు. రెండు, రాసిపెట్టుకుంటే శిష్యుడు దాన్ని నమ్ముకుని జ్ఞాపకశక్తిని గాలికొదిలేస్తాడు.

ఆ ఇరవై పేజీల గ్రంథాలయాన్ని కూడా వదులుకోండి. గుండె రాయి చేసుకుని.

డైస్‌బాబు | శనివారం, ఉదయం 9:02

నాకో చిక్కు కనబడుతోంది. మంత్రం చదివితే పని జరుగుతుంది. మరి సాధన ఎలా చేస్తారు? నిప్పు మంత్రం రోజుకి వందసార్లు వల్లె వేస్తే మఠం మిగలదుగా?

లెక్కతప్పదు | శనివారం, ఉదయం 9:20

మధ్యలో కావాలని ఊపిరి తీసుకుంటే సరి. అప్పుడు పని చేయదు కదా.

గొంతుసవరింపు | శనివారం, ఉదయం 9:44

అది చాలా ప్రమాదం. నేను పదిహేనేళ్ళుగా బృందగానంలో పాడుతున్నాను. సాధనలో ఎక్కడ ఊపిరి తీసుకోవడం అలవాటైతే, వేదిక మీద కూడా సరిగ్గా అక్కడే ఛాతీ తనంతట తను పైకి లేస్తుంది. మనం వద్దనుకున్నా ఆగదు. ఏడేళ్ళు ఊపిరి విరుస్తూ నేర్చుకున్నవాడు పరీక్షలోనూ విరుస్తాడు.

పాతకాగితం | శనివారం, ఉదయం 10:30

ఘనపాఠం వాడుకోండి. వేదం చెప్పేవాళ్ళు మాటల్ని ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని ముందుకీ వెనక్కీ తిప్పి చెబుతారు. ఆపైన రెండో మాట పట్టుకుని మళ్ళీ అదే వరస. తప్పు దొర్లకుండా కాపాడే పద్ధతి అది. ఇలా వెనక్కీ ముందుకీ తిరిగాక ఒక్క అక్షరం జారినా చెవికి పట్టుబడిపోతుంది.

మీ మఠంలో దీనికి ఇంకో ప్రయోజనం. మాటల వరస మారితే అది మంత్రం కాదు, కాబట్టి పని జరగదు. పిల్లలు ఏడేళ్ళూ మంత్రాన్ని తిరగేసీ మెలిపెట్టీ చెబుతారు. సరైన వరసలో, ఒకే ఊపిరిలో, ఒక్కసారి కూడా నోటితో అనరు.

మూడో_ముసాయిదా | శనివారం, ఉదయం 10:33

అంటే పరీక్ష రోజే మొదటిసారి!

పాతకాగితం | శనివారం, ఉదయం 10:40

అంతే. ఆ రోజు తప్పితే ఏమవుతుందో కూడా మన కథల్లోనే ఉంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తాడు. 'ఇంద్రశత్రు' అనే మాటలో స్వరం చివర పలకాల్సింది మొదట పలికింది. 'ఇంద్రుణ్ణి చంపేవాడు' అనే అర్థం పోయి 'ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు' అయింది. వృత్రాసురుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే పోయాడు. ఒక్క అక్షరం కూడా మారలేదు చూడండి, నొక్కిన చోటు మారిందంతే. మంత్రం తప్పితే పేలిపోవడం, కప్పగా మారిపోవడం లాంటివన్నీ పాతబడిపోయాయి. అడిగింది అడ్డం తిరగడం ఇంకా భయంకరం.

అర్ధరాత్రి_దీపం | శనివారం, మధ్యాహ్నం 12:15

పరీక్షలో ఒక విదూషకుణ్ణి కూర్చోబెట్టండి. నవ్వు వస్తే ఊపిరి పోతుంది కదా. అవధానంలో అప్రస్తుత ప్రసంగి చేసే పనే. ఎదురుగా కూర్చుని, కుర్రాడు నూరో అక్షరం మీద ఉండగా 'అవునూ, మీ గురువుగారి గురక ఏ రాగం?' అంటాడు. మఠంలో అందరికన్నా ఎక్కువ మందిని ఫెయిల్ చేసినవాడు అతనే అయ్యుంటాడు. పైగా అందరూ నవ్వుతూ పలకరించేదీ అతన్నే.

మూడో_ముసాయిదా | శనివారం, రాత్రి 7:50

మీ మాటలు విన్నాక ఒక ముక్క రాశాను. మొదటి ఏడు పిల్లలు. చూడండి.

"రాయి పొట్ట మీద పెట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నారు ఇరవై మంది. మిగతా ఇరవై మంది గోడ వారగా, ఒక్కొక్కరి ముందు ఒక్కో దీపం. పెదవులకీ వత్తికీ మధ్య జానెడు దూరం. 'అ' అనాలి. జ్వాల వంగాలి, ఆరకూడదు, నిటారుగా నిలబడకూడదు. ఎడమ చివరి పిల్ల దీపం ఆరిపోయింది. పొగ ఆమె కళ్ళలోకే వచ్చింది. ముసలాయన ఏమీ అనలేదు. వెళ్ళి పక్క దీపంతో వెలిగించుకుని వచ్చి కూర్చుంది. అప్పటికి అది తొంభై మూడోసారి. ఆయన లెక్కపెడుతున్నాడు, తనూ లెక్కపెడుతోంది, ఇద్దరి లెక్కా ఒకటేనని ఇద్దరికీ తెలుసు."

గొంతుసవరింపు | శనివారం, రాత్రి 8:25

బావుంది! దీపం సాధన నిజంగా ఉన్నదే. ఒక్క సవరణ. పిల్లలు చేసే పెద్ద తప్పు ఊపిరి చాలకపోవడం కాదు, అతిగా పీల్చుకోవడం. భుజాలు పైకి లేపేసి గొంతుదాకా గాలి నింపుకుంటారు. ఆ గాలి బయటికి తోసుకొస్తుంటే దాన్ని పట్టి ఆపడానికే సగం శక్తి పోతుంది. టెన్షన్‌లో ఉన్నవాళ్ళ భుజాలు చూడండి, తెలిసిపోతుంది. ముసలాయన చూడాల్సింది దీపం వంక కాదు, ఆ పిల్ల భుజాల వంక.

అర్ధరాత్రి_దీపం | శనివారం, రాత్రి 11:50

ఒక పిచ్చి ఆలోచన. ఊపిరి వదులుతూనే ఎందుకు మాట్లాడాలి? పీలుస్తూ కూడా మాట్లాడొచ్చు. స్వీడన్ ఉత్తరాన 'అవును' అనడానికి నోటితో గాలి లోపలికి లాగుతారు, 'ష్‌ప్' అన్నట్టు. మీ లోకంలో పీలుస్తూ మంత్రం చదివే వెలివేసిన శాఖ ఒకటి ఉంటే? వాళ్ళ మంత్రాలు ఉల్టా పని చేస్తే?

లెక్కతప్పదు | ఆదివారం, ఉదయం 7:15

ఇప్పుడే ప్రయత్నించాను. పీలుస్తూ 31 అక్షరాలు వచ్చాయి, ఆపైన దగ్గు. ఇంట్లోవాళ్ళు భయపడ్డారు. శాఖ పెట్టొచ్చు గానీ చిన్న మంత్రాలే వాళ్ళకి గతి.

ఈకలేనిపక్షి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

రెండు రోజులుగా చదువుతున్నాను. అందరూ మాంత్రికుడి గురించే మాట్లాడుతున్నారు. నలభై మందిలో ఒకరు తెల్ల అంగీ తొడుగుతారు. సరే. ముప్ఫై తొమ్మిది మంది ఏమయ్యారు?

ఎందుకడుగుతున్నానంటే, నేను ఆ ముప్ఫై తొమ్మిదిలో మనిషిని. ఏడేళ్ళప్పటి నుంచి ఈత. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, బడికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు. పదిహేనేళ్ళు నిండాక ఒకరోజు కోచ్ కొలత టేపుతో గోడ దగ్గర నిలబెట్టి, నీకింక ఎత్తు రాదమ్మా, రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. కోపంగా కూడా అనలేదు. మా తర్వాత ఇంకెవరి పేరో పిలిచాడు.

నీళ్ళ మీద బెంగ పెట్టుకోలేదు నేను. అసలు కొన్నేళ్ళు నీళ్ళ దగ్గరికే పోలేదు. కానీ ఇంకో ఏడాదిపాటు నాలుగున్నరకే మెలకువ వచ్చేది. అలారం లేకుండానే. లేచి కూర్చుని ఏం చేయాలో తెలిసేది కాదు. ఒళ్ళు నేర్చుకున్నది ఒళ్ళు మర్చిపోదు. ఎనిమిదేళ్ళు పెట్టి తయారుచేసిన ఊపిరితిత్తులు, దేనికీ పనికిరావు. ఇప్పటికీ నవ్వితే అందరికన్నా ఎక్కువసేపు నవ్వుతాను, అంతే మిగిలింది.

మీ పిల్లలూ అంతే కదా. అయిదో ఏడులో పంపేస్తే తలలో సగం మంత్రం, ఛాతీలో సగం ఊపిరి ఉంటాయి. వాళ్ళెక్కడికి పోతారు?

మూడో_ముసాయిదా | ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఆ సంగతి నా నవలలో ఒక వాక్యం ఉంది. అదే ఇక్కడ పెడుతున్నాను: "మిగిలినవారు తమ తమ ఇళ్ళకు వెళ్ళిపోయారు."

సిగ్గుగా ఉంది.

పాతకాగితం | ఆదివారం, సాయంత్రం 4:30

ఈకలేనిపక్షి గారూ, మీరడిగింది సరైన ప్రశ్న. నలందలో దీన్ని ఒక రకంగా తప్పించుకున్నారు. ఏడో శతాబ్దంలో అక్కడ చదివిన హ్యూయెన్ త్సాంగ్ రాశాడు, ద్వారం దగ్గరే కాపలా పండితుడు కష్టమైన ప్రశ్నలు వేసేవాడని, బయటి నుంచి వచ్చినవాళ్ళలో పదిమందికి ఏడెనిమిది మంది అక్కడి నుంచే వెనక్కి పోయేవారని. గుమ్మం దగ్గరే కాదనడం కొంత నయం. ఆశ పెరగకముందే తేలిపోతుంది.

ఈకలేనిపక్షి | ఆదివారం, సాయంత్రం 4:52

అక్కడికి వచ్చినవాళ్ళు చదువుకుని వచ్చినవాళ్ళు పాతకాగితం గారూ. వాళ్ళని ప్రశ్న అడగొచ్చు. పన్నెండేళ్ళ పిల్లని ఏమడుగుతారు? పాతికేళ్ళకి నీ ఊపిరి ఎంతుంటుందని అడుగుతారా? ఎదిగితే గానీ తెలియదు. తెలిసేసరికి వాళ్ళ బాల్యం మఠం తినేసి ఉంటుంది.

పాతకాగితం | ఆదివారం, సాయంత్రం 5:10

నిజమే. ఒప్పుకుంటున్నాను.

సగంచదివినవాడు | ఆదివారం, సాయంత్రం 6:00

ఇంత ఆలోచన ఎందుకు? ఓడిపోయినవాళ్ళ నాలుకలు కోసేస్తారు. రహస్యం భద్రం. కథ డార్క్‌గా కూడా ఉంటుంది.

డైస్‌బాబు | ఆదివారం, సాయంత్రం 6:22

ముప్ఫై తొమ్మిది మంది పిల్లల నాలుకలు కోసే చోటికి మళ్ళీ ఏడు ఏ తల్లి పిల్లల్ని పంపుతుందండీ? సైన్యం పెట్టి ఎత్తుకు రావాలి. అప్పుడది వేరే నవల. క్రూరత్వం కూడా లెక్క ప్రకారం ఉండాలి. మఠం వాళ్ళని ఇంటికీ పంపదు, చంపదు. అక్కడే ఉంచుకుంటుంది. వంటింట్లో, గంట దగ్గర, పశువుల దగ్గర. నీళ్ళు ఎవరు మోస్తున్నారని పాతకాగితం గారు మొదటి రోజే అడిగారు గుర్తుందా? జవాబు దొరికింది.

గొంతుసవరింపు | ఆదివారం, రాత్రి 9:15

ఒకటి అడగాలి. నియమం సరిగ్గా ఏమిటి? 'ఒక మనిషి ఒకే ఊపిరిలో చదవాలి' అనా, లేక 'మంత్రం మధ్యలో తెగకూడదు' అనా?

మూడో_ముసాయిదా | ఆదివారం, రాత్రి 9:20

రెండూ ఒకటే కదా?

గొంతుసవరింపు | ఆదివారం, రాత్రి 9:38

కాదు. బృందగానంలో రెండు నిమిషాలు తెగకుండా సాగే స్వరాలుంటాయి. ఏ మనిషికీ అంత ఊపిరుండదు. ఎలా పాడతామంటే, వంతులవారీగా ఊపిరి తీసుకుంటాం. పక్కమనిషి తీసుకుంటున్నప్పుడు మనం తీసుకోం. ఎవరు ఆగారో, ఎవరు అందుకున్నారో వినేవాళ్ళకి తెలియదు. కిటుకల్లా ఒకటే. ఆపేటప్పుడు మెల్లగా జారిపోవాలి, అందుకునేటప్పుడు మెల్లగా చేరాలి. తలుపు వేసినట్టు ఆగితే దొరికిపోతాం. దీనికి గొంతు గొప్పగా ఉండక్కర్లేదు. పక్కవాళ్ళ ఊపిరి వినే చెవి ఉండాలి.

ఇప్పుడు మీ వంటింట్లో పాతికమంది ఉన్నారు. అందరికీ సగం మంత్రం వచ్చు. అందరికీ సగం ఊపిరుంది.

డైస్‌బాబు | ఆదివారం, రాత్రి 9:41

అమ్మ బాబోయ్.

ఈకలేనిపక్షి | ఆదివారం, రాత్రి 9:44

ఒళ్ళు జలదరించింది.

లెక్కతప్పదు | ఆదివారం, రాత్రి 10:20

ఆనందం పాడుచేస్తున్నందుకు క్షమించాలి. మఠం వందల ఏళ్ళుగా ఉంది. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదంటే నేను నమ్మను. మీ పాఠకుడు కూడా నమ్మడు. దీనికి జవాబు లేకపోతే అక్కడే పుస్తకం మూసేస్తాడు.

డైస్‌బాబు | ఆదివారం, రాత్రి 10:55

తట్టలేదని ఎవరన్నారు? స్థాపించినవాళ్ళకి మొదటే తెలుసనుకోండి. ముసాయిదా గారూ, పిల్లలు ఎలా నిద్రపోతారు మీ మఠంలో?

మూడో_ముసాయిదా | ఆదివారం, రాత్రి 11:02

ఒక్కొక్కరికీ ఒక్కో గది. సాధన కూడా ఒంటరిగానే. భోజనాల దగ్గర మౌనం. ఇద్దరు కలిసి పాడడం నిషేధం, పండగ పాటలు కూడా. ఏకాగ్రత కోసమని రాశాను.

డైస్‌బాబు | ఆదివారం, రాత్రి 11:04

మీకు తెలియకుండానే రాసేశారు. ఏకాగ్రత కోసమని పిల్లలకి చెబుతారు. గురువుల్లో కూడా చాలామంది అదే నమ్ముతారు. ఆ నియమాలు పెట్టినవాళ్ళు దాచింది మాత్రం ఇది. మంత్రం మనిషిది కాదు, ఊపిరిది. ఎవరి ఊపిరైనా సరే.

పాతకాగితం | ఆదివారం, రాత్రి 11:30

ఇంకోటి. నెగ్గినవాళ్ళకి ఇది ఎప్పటికీ తట్టదు. వాళ్ళు ఏడేళ్ళూ తమ ఊపిరే వింటూ పెరిగారు. వంటింటివాళ్ళు మాత్రం ఒకే బావి దగ్గర, ఒకే పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి పక్కపక్కన పని చేస్తారు. బరువు మోసేటప్పుడు ఒకళ్ళ ఊపిరితో ఒకళ్ళు కలవడం వాళ్ళకి నేర్పక్కర్లేదు. వంటింట్లో మౌన నియమం ఎవరూ పట్టించుకోరు. ఓడిపోయినవాళ్ళ మాటలతో మఠానికి పనేముంది?

లెక్కతప్పదు | ఆదివారం, రాత్రి 11:37

ఇప్పుడు నమ్ముతాను.

మూడో_ముసాయిదా | గురువారం, రాత్రి 10:10

నాలుగు రోజులు కనబడనందుకు క్షమించండి. 110 పేజీలూ పోయాయి. కథానాయిక మారింది. తెల్ల అంగీ వేసుకునే అమ్మాయి ఇప్పుడు కథలో కేవలం మంచి స్నేహితురాలు. దీపం తొంభై మూడుసార్లు ఆర్పుకున్న పిల్ల ఇక్కడుంది, అయిదో ఏడు పరీక్ష తప్పిన మూడో రోజు:

"ఇత్తడి గంగాళం ఆమె ఎత్తుంది. తోమడానికి ఒక గుడ్డ ఇచ్చారు. చిరిగిన నారింజ రంగు గుడ్డ, అంచున ఇంకా కుట్టు ఉంది. లోపలికి వంగి తోముతుంటే తన గొంతే తనకి గుండ్రంగా వినిపిస్తోంది. అలవాటుగా పెదవులు కదిలాయి. వెనక్కీ ముందుకీ కాదు, ఈసారి తిన్నగా. ఇంక ఎవరు అడుగుతారు? పంతొమ్మిదో అక్షరం దగ్గర ఊపిరి అయిపోయింది. ఆగబోయింది. ఆగలేదు. ఇరవయ్యో అక్షరం పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. అటు తిరిగి కట్టెలు తోస్తున్న ముసలామె, తల తిప్పకుండా, అదే శ్రుతిలో, మెల్లగా చేరింది. గంగాళం అడుగున మిగిలిన చారెడు నీళ్ళు ఒకసారి వణికాయి."

గొంతుసవరింపు | గురువారం, రాత్రి 10:31

'మెల్లగా చేరింది' అన్నారు చూడండి. అదే.

లెక్కతప్పదు | గురువారం, రాత్రి 10:48

అంతా బావుంది గానీ, అయిదేళ్ళు సాధన చేసిన పిల్లకి పంతొమ్మిది అక్షరాలకే ఊపిరి అయిపోవడమేమిటి? ఏ సాధనా లేని నాకే 142 వచ్చాయి.

ఈకలేనిపక్షి | గురువారం, రాత్రి 10:52

ఏడుస్తోందండీ. మూడో రోజు కదా.

లెక్కతప్పదు | గురువారం, రాత్రి 10:59

అవును. పంతొమ్మిది ఎక్కువే.

అర్ధరాత్రి_దీపం | గురువారం, రాత్రి 11:58

ఆ గుడ్డ రంగు చూశాను. థాంక్స్.